ఇతర రాష్ట్రాల తుపాకీ లైసెన్సు

ఇతర రాష్ట్రాల తుపాకీ లైసెన్సు అనగా ఒక రాష్ట్రపు అధికారి వద్ద పొంది, దానిని పొందిన వ్యక్తి మరొక రాష్ట్రంలో నివసిస్తూ వాడుకొనే ఆయుధ లైసెన్సు. భారత దేశంలో ఆయుధాలు కేంద్ర జాబితాలోని విషయం. కాబట్టి దేశమంతటికీ 1959 నాటి ఆయుధ చట్టం ఒక్కటే వర్తిస్తుంది. అయితే చట్టం ఒక్కటే అయినంత మాత్రాన లైసెన్సు దేశమంతటా చెల్లదు. లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లునో దానిపైననే వ్రాయబడి ఉంటుంది. నివాసం మారినప్పుడు ఆ సంగతిని పాత, క్రొత్త అధికారులిద్దరికీ తెలియజేయుట లైసెన్సుదారు బాధ్యత.

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన మైలవరం, నందిగామ, జగ్గయ్యపేటలు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఈ ప్రాంతానికి ఉత్తరాన, పడమరన తెలంగాణ రాష్ట్రంలోని ఖమ్మం, సూర్యాపేట జిల్లాలు ఉన్నాయి. కోదాడ, మధిర వంటి పట్టణాలతో ఇక్కడి వారికి భూములు, వ్యాపారాలు, బంధుత్వాలు కలవు. అందువలన పొరుగు రాష్ట్రపు లైసెన్సు ఇక్కడ చెల్లునా అను ప్రశ్న ఈ ప్రాంతంలో సహజంగా వస్తుంది.

చరిత్ర

1857 తిరుగుబాటు తరువాత బ్రిటిషు ప్రభుత్వం ప్రజల వద్ద ఉన్న ఆయుధాలపై ఆంక్షలు విధించింది. లిట్టన్ వైస్రాయిగా ఉన్న కాలంలో 1878లో చేసిన ఆయుధ చట్టం వీటిలో ముఖ్యమైనది. దీని ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకొనుట నేరం. ఐరోపా వారికి ఇచ్చిన మినహాయింపులు భారతీయులకు ఇవ్వకపోవుట జాతీయోద్యమ నాయకుల విమర్శకు గురి అయినది.

ఈ చట్టం బ్రిటిషు ఇండియాకు మాత్రమే వర్తించేది. జగ్గయ్యపేట, నందిగామ, మైలవరం మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాలో ఉండగా, వాటికి ఆనుకొని ఉన్న నల్గొండ, వరంగల్లు జిల్లాలు నిజాం రాజ్యంలో ఉండేవి. కావున ఆ రోజులలో జగ్గయ్యపేట నుండి హైదరాబాదు బాటన వెళ్ళే వ్యక్తి కొద్ది మైళ్ళలోనే వేరొక ప్రభుత్వపు ఆజ్ఞలకు లోబడేవాడు. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానం భారత దేశంలో కలిసినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడినవి. అప్పటి నుండి 2014 జూన్ 1 వరకు ఈ సరిహద్దు కేవలం జిల్లాల మధ్య సరిహద్దు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడుటతో అది మరల రాష్ట్రాల సరిహద్దు అయినది. జగ్గయ్యపేట దాటిన తరువాత జాతీయ రహదారి 65పై గరికపాడు వద్ద తనిఖీ కేంద్రం కలదు.

స్వాతంత్ర్యం తరువాత 1878 చట్టాన్ని రద్దు చేసి పార్లమెంటు 1959లో ప్రస్తుత చట్టాన్ని చేసినది. ఇది 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చినది. దాని క్రింద చేసిన 1962 నాటి నియమాల స్థానంలో 2016 జూలైలో క్రొత్త ఆయుధ నియమాలు వచ్చినవి. 2019 డిసెంబరులో చట్టానికి ముఖ్యమైన సవరణ జరిగినది. దీని వలన ఒక వ్యక్తి ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గినది. లైసెన్సు కాలపరిమితి మూడు సంవత్సరాల నుండి ఐదు సంవత్సరాలకు పెరిగినది.

లైసెన్సు ఇచ్చు అధికారి

చట్టంలోని 3వ సెక్షను ప్రకారం తుపాకీని గాని తూటాలను గాని సంపాదించుటకు, ఉంచుకొనుటకు, వెంట తీసుకొని వెళ్ళుటకు లైసెన్సు ఉండవలెను. సాధారణ రకపు తుపాకులకు లైసెన్సు ఇచ్చు అధికారి జిల్లా మేజిస్ట్రేటు, అనగా కలెక్టరు. అయితే పోలీసు కమిషనరు ఉన్న ప్రాంతాలలో ఆ కమిషనరే జిల్లా మేజిస్ట్రేటు అని చట్టం నిర్వచించినది. 2022లో ఎన్టీఆర్ జిల్లా మొత్తం విజయవాడ కేంద్రంగా ఉన్న పోలీసు కమిషనరు పరిధిలోకి వచ్చినది. కావున పూర్వం మచిలీపట్నంలోని కలెక్టరు కార్యాలయానికి వెళ్ళవలసిన మెట్ట ప్రాంతపు దరఖాస్తుదారునికి ఇప్పుడు కమిషనరు కార్యాలయమే సంబంధిత కార్యాలయం.

దరఖాస్తు అందిన తరువాత అధికారి దగ్గరి పోలీసు స్టేషను నుండి నివేదిక తెప్పించుకొనవలెను. దరఖాస్తుదారుని నడవడి, అతనిపై ఉన్న కేసులు, అతనికి తుపాకీ అవసరమా అను విషయాలు ఈ విచారణలో తేలుతాయి. 21 సంవత్సరాలు నిండని వారికి, మతి స్థిమితం లేని వారికి లైసెన్సు ఇవ్వరు. నిరాకరించినప్పుడు 18వ సెక్షను క్రింద అప్పీలు చేసుకొనవచ్చును.

లైసెన్సు విధానమంతా ఈ విచారణపై ఆధారపడి ఉన్నది. ఒక మనిషి ఎటువంటి వాడో అతడు నివసించే ఊరి పోలీసు స్టేషనుకే బాగా తెలియగలదు. నివాసం ఒక చోట, లైసెన్సు మరొక చోట అయినప్పుడు ఈ పరిశీలన జరుగదు. ఇతర రాష్ట్రాల లైసెన్సులపై ఉన్న నిబంధనలన్నిటికీ మూల కారణం ఇదే.

చెల్లుబాటు పరిధి

ప్రతి లైసెన్సు పుస్తకంలోను అది చెల్లే ప్రాంతం వ్రాయబడి ఉంటుంది. ఇది సాధారణంగా ఈ క్రింది వాటిలో ఒకటిగా ఉంటుంది.

* ఒక జిల్లా, లేదా దానిలో కొంత భాగం
* ఒక రాష్ట్రం మొత్తం
* రాష్ట్రంతో పాటు పేర్కొన్న పొరుగు రాష్ట్రాలు
* దేశం మొత్తం

పరిధి పెంచుటకు తగిన కారణం చూపవలెను. దేశమంతటా చెల్లే లైసెన్సుల విషయంలో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2010 మార్చి 31న రాష్ట్రాలకు మార్గదర్శకాలను పంపినది. కేంద్ర మంత్రులు, పార్లమెంటు సభ్యులు, సైనిక, పారా మిలటరీ దళాల వారు, అఖిల భారత సర్వీసుల అధికారులు, దేశంలో ఎక్కడికైనా బదిలీ కాదగిన ఉద్యోగులు వంటి వారిని అందులో ప్రత్యేకంగా పేర్కొన్నారు. సామాన్యునికి ఈ పరిధి సులభంగా లభించదు.

ఉదాహరణకు కోదాడలో నివసిస్తూ తెలంగాణ వరకే చెల్లే లైసెన్సు పొందిన వ్యక్తి తన రివాల్వరుతో జగ్గయ్యపేటకు వచ్చినచో, అతని వద్ద లైసెన్సు ఉన్నప్పటికీ అది ఆ ప్రాంతంలో పనికిరాదు. మైలవరం వాసి ఆంధ్ర ప్రదేశ్ లైసెన్సుతో మధిరకు వెళ్ళినా ఇదే నియమం వర్తిస్తుంది. దూరం ఎంత తక్కువ అన్నది లెక్కలోకి రాదు.

నివాసం మారినప్పుడు

పరిధి వేరు, నివాసం వేరు. దేశమంతటా చెల్లే లైసెన్సు ఉన్న వారు కూడా నివాసం మారినచో ఆ సంగతి తెలియజేయవలసినదే. దేశమంతటా చెల్లునని వ్రాసి ఉన్నందున ఇక ఎవరికీ చెప్పనవసరం లేదని అనుకొనుట ఈ విషయంలో తరచుగా కనిపించే అపోహ.

లైసెన్సుదారు తుపాకీతో సహా శాశ్వతంగా గాని, 30 రోజులకు మించి తాత్కాలికంగా గాని వేరొక చోటికి మారినప్పుడు నియమాల ప్రకారం చేయవలసిన పనులు ఇవి.

* మారిన 30 రోజులలోగా క్రొత్త నివాస ప్రాంతపు అధికారికి, లైసెన్సు ఇచ్చిన లేదా చివరిసారి పునరుద్ధరించిన అధికారికి కూడా వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను.
* క్రొత్త ప్రాంతపు అధికారి కోరినప్పుడు లైసెన్సును, తుపాకీని చూపవలెను.
* క్రొత్త చిరునామాను లైసెన్సులో నమోదు చేయించుకొనవలెను.

పాత లైసెన్సు పరిధిలో క్రొత్త ఊరు లేనప్పుడు తుపాకీని తరలించుటకు ముందే పరిధిని పెంచుకొనుట గాని, ప్రయాణానికి వేరుగా అనుమతి పొందుట గాని అవసరం. ఆ తరువాత లైసెన్సు పునరుద్ధరణ క్రొత్త నివాస ప్రాంతపు అధికారి వద్దనే జరుగుతుంది.

ఇప్పుడు ప్రతి లైసెన్సుకు జాతీయ ఆయుధ లైసెన్సుల సమాచార నిధిలో ఒక విశిష్ట సంఖ్య ఉండవలెను. ఈ సంఖ్య లేని లైసెన్సు చెల్లదని 2016 నియమాలు చెప్పుచున్నవి. సంఖ్య పొందుటకు ఇచ్చిన గడువును కేంద్రం పలుమార్లు పొడిగించినది. ఈ నిధి వలన ఒక వ్యక్తి రెండు రాష్ట్రాలలో రెండు లైసెన్సులు పొంది, పరిమితికి మించి తుపాకులు కొనుట కష్టమైనది.

వారసత్వపు తుపాకులు

మెట్ట ప్రాంతంలో పాత జమీందారీ, మోతుబరి కుటుంబాలలో తాతల నాటి తుపాకులు ఉండుట కలదు. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో స్థిరపడినప్పుడు వీటి విషయంలో చిక్కు వస్తుంది. తండ్రి లైసెన్సు కుమారునికి దానంతట అది సంక్రమించదు. లైసెన్సుదారు మరణించినప్పుడు, లేదా అతనికి 70 సంవత్సరాలు నిండినప్పుడు, లేదా తుపాకీని 25 సంవత్సరాలు ఉంచుకొన్న తరువాత, చట్టబద్ధ వారసుడు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు చేసుకొనవచ్చును. మిగిలిన వారసుల అంగీకారం, వారసుని గురించిన పోలీసు విచారణ అవసరం. లైసెన్సు వచ్చు వరకు తుపాకీని ఇంటిలో ఉంచరాదు. 21వ సెక్షను ప్రకారం దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి వద్ద గాని అప్పగించి రసీదు తీసుకొనవలెను. బీరువాలో తుపాకీని అట్లే ఉంచి వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేసుకొనే వారసుడు తనకు తెలియకుండానే నేరంలో చిక్కుకొనే ప్రమాదం ఉన్నది.

పంట రక్షణ తుపాకులు

కొండపల్లి అడవులను ఆనుకొని ఉన్న గ్రామాలలో అడవి పందుల వలన పంట నష్టం జరుగుతూ ఉంటుంది. పంట రక్షణకు నోటి నుండి మందు కూరే తుపాకీకి, ఆత్మరక్షణకు లేదా క్రీడకు 20 అంగుళాలకు తగ్గని నున్నని గొట్టం గల తుపాకీకి లైసెన్సు ఇచ్చుటకు 13వ సెక్షనులో ప్రత్యేకంగా చెప్పబడినది. అవసరం పొలాన్ని బట్టి ఉన్నందున ఈ లైసెన్సును వేరే రాష్ట్రానికి తీసుకొని వెళ్ళుటకు ఆధారం ఉండదు. ఈ లైసెన్సు వేటకు అనుమతి కాదు. అడవి జంతువులను చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి లోబడి ఉంటుంది.

వెంట తీసుకొని తిరుగుట

అమెరికాలో వలె భారత దేశంలో తుపాకీని దాచి ధరించుటకు వేరుగా లైసెన్సు లేదు. లైసెన్సులోనే ఉంచుకొనుటకు, వెంట తీసుకొని వెళ్ళుటకు అనుమతి ఉంటుంది. 2016 నియమాలలోని 32వ నియమం ప్రకారం బహిరంగ స్థలంలో పిస్తోలును గాని రివాల్వరును గాని ఒంటికి కట్టుకొన్న ఒరలో లేదా సంచిలో మాత్రమే తీసుకొని వెళ్ళవలెను. అది పూర్తిగా కప్పబడి, ధరించిన వ్యక్తి అదుపులో ఉండవలెను. అనగా పైకి కనబడకుండా ఉంచుట ఇక్కడ ప్రత్యేక హక్కు కాక, లైసెన్సుదారులందరికీ వర్తించే బాధ్యత. నలుగురిలో తుపాకీ చూపి బెదిరించుట, గాలిలో కాల్చుట నిషిద్ధం. తిరునాళ్ళు, మతపరమైన ఊరేగింపులు, బహిరంగ సభలు, విద్యాసంస్థల ఆవరణలలోకి తుపాకీ తీసుకొని వెళ్ళరాదు. పెళ్ళి ఊరేగింపుల వంటి వేడుకలలో నిర్లక్ష్యంగా కాల్చినచో రెండు సంవత్సరాల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించునట్లు 2019 సవరణ నిర్దేశించినది.

ఎన్నికల సమయంలో లైసెన్సు తుపాకులను పోలీసులకు అప్పగించమని ఆదేశాలు వస్తాయి. ఎవరెవరు అప్పగించవలెనో స్థానిక రికార్డులను బట్టి నిర్ణయిస్తారు. ఇతర రాష్ట్రాల లైసెన్సుతో వచ్చి నమోదు చేయించుకొనని వ్యక్తి పేరు ఈ జాబితాలో ఉండదు. ఇటువంటి తుపాకీ పోలీసుల లెక్కకు రాదు.

దుర్వినియోగం

నివాసం లేని రాష్ట్రాలలో లైసెన్సులు పొందుట దేశంలో పెద్ద కుంభకోణానికి దారి తీసినది. అప్పటి జమ్మూ కాశ్మీరు రాష్ట్రంలో అర్హత లేని వారికి, స్థానికులు కాని వారికి లైసెన్సులు ఇచ్చుచున్నారని 2017లో రాజస్థాన్ ఉగ్రవాద నిరోధక దళం బయటపెట్టినది. 2018లో దర్యాప్తు కేంద్ర దర్యాప్తు సంస్థకు (సీబీఐ) అప్పగించబడినది. 2012 నుండి 2016 వరకు అక్కడ 2.78 లక్షలకు పైగా లైసెన్సులు జారీ అయినట్లు ఆ సంస్థ ప్రకటించినది. దళారుల ద్వారా, నిజమైన విచారణ లేకుండా ఇవి ఇవ్వబడినట్లు ఆరోపణ.

దీని ప్రభావం తెలుగు ప్రాంతాలపై కూడా పడినది. బ్యాంకులు, నగల దుకాణాలు, నగదు తరలించే వాహనాల వద్ద తుపాకీతో కాపలా కాయువారికి గిరాకీ ఎక్కువ. సొంత తుపాకీ, లైసెన్సు ఉన్న వారికి జీతం అధికంగా ఉంటుంది. జమ్మూ కాశ్మీరు అధికారుల పేరున నకిలీ లైసెన్సులు సృష్టించి కాపలా ఉద్యోగాలకు వాడుచున్న ముఠాను 2022లో హైదరాబాదు పోలీసులు పట్టుకొన్నారు.

నకిలీ లైసెన్సు వలన మొదట నష్టపోయేది దానిని చేతిలో పట్టుకొన్న కాపలాదారు. డబ్బు తీసుకొన్న దళారి దొరకకపోయినా తుపాకీ ఇతని వద్దనే ఉంటుంది. అందుచేత ఉద్యోగం ఇచ్చువారు, తీసుకొనువారు కూడా లైసెన్సు ఇచ్చిన కార్యాలయం నుండి ధ్రువీకరణ, విశిష్ట సంఖ్య, చెల్లుబాటు పరిధి, స్థానిక నమోదు అను నాలుగింటిని సరిచూసుకొనుట అవసరం. ఆత్మరక్షణకు ఇచ్చిన లైసెన్సుతో జీతానికి కాపలా కాయుట కూడా లైసెన్సు ఉద్దేశానికి విరుద్ధం. సంస్థ తన పేరున లైసెన్సు తీసుకొని, తుపాకీ ధరించు ఉద్యోగి పేరును అందులో నమోదు చేయించుట సరియైన పద్ధతి.

శిక్షలు

లైసెన్సు నిజమైనదే అయి, దాని షరతులను ఉల్లంఘించినచో 30వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. లైసెన్సే లేకుండా సాధారణ రకపు తుపాకీ ఉంచుకొన్నచో 25వ సెక్షను క్రింద రెండు సంవత్సరాలకు తగ్గకుండా ఐదు సంవత్సరాల వరకు జైలు, జరిమానా ఉంటాయి. లైసెన్సు నకిలీది అని తేలినప్పుడు ఫోర్జరీ నేరం కూడా చేరుతుంది. వాస్తవాలను దాచి, లేదా తప్పుడు సమాచారం ఇచ్చి పొందిన లైసెన్సును 17వ సెక్షను క్రింద రద్దు చేయవచ్చును. తప్పుడు చిరునామా ఇచ్చుట ఇటువంటిదే.

లైసెన్సు లేని తుపాకుల వాడకంపై 2023 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టినది. అమెరికా రాజ్యాంగంలో వలె ఆయుధం ధరించు హక్కు భారత రాజ్యాంగంలో లేదని ఆ సందర్భంలో గుర్తు చేసినది.

అమెరికాలోని తెలుగువారు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో భారత దేశానికి భిన్నంగా తుపాకీ ధరించు అనుమతులను రాష్ట్రాలు తమ తమ చట్టాల ప్రకారం ఇస్తాయి. ఒక రాష్ట్రపు అనుమతిని మరొక రాష్ట్రం గుర్తించుట వాటి ఇష్టంపై ఆధారపడి ఉంటుంది. యూటా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలు తమ రాష్ట్రంలో నివసించని వారికి కూడా అనుమతులు ఇస్తాయి. దీని వలన సొంత రాష్ట్రంలో అనుమతి దొరకని వారు బయటి అనుమతితో సొంత ఊరిలోనే తుపాకీ ధరించుట మొదలైనది. దీనిని కొన్ని రాష్ట్రాలు అడ్డుకొన్నాయి. కొలరాడో, మిచిగన్ రాష్ట్రాలు అనుమతి ఇచ్చిన రాష్ట్రంలోనే నివసించే వారి అనుమతిని మాత్రమే గుర్తిస్తాయి. పెన్సిల్వేనియా 2013లో ఫ్లోరిడా అనుమతుల విషయంలో ఇదే పద్ధతిని అనుసరించినది. తన అనుమతిని గుర్తించే రాష్ట్రాల నుండి వచ్చే దరఖాస్తుదారులు ముందు సొంత రాష్ట్రపు అనుమతి పొంది ఉండవలెనని యూటా 2011లో చట్టం చేసినది. 2024 నాటికి 29 రాష్ట్రాలలో అనుమతి లేకుండానే తుపాకీని దాచి ధరించవచ్చును.

ఈ సడలింపులు చూచి అక్కడి తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు పొరపడరాదు. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్న వారు తుపాకీ గాని తూటాలు గాని కలిగి ఉండుట ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్న వారి వంటి కొందరికే మినహాయింపు కలదు. ఏ రాష్ట్రపు అనుమతి పత్రమైనా ఈ నిషేధాన్ని తొలగించలేదు. శాశ్వత నివాస కార్డు, అనగా గ్రీన్ కార్డు ఉన్న వారికి ఈ నిషేధం వర్తించదు.

ఇవి కూడా చూడండి

* ఆయుధ చట్టం, 1959
* భారత రాజ్యాంగము
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972
* ఎన్టీఆర్ జిల్లా
* మైలవరం
* జగ్గయ్యపేట
* నందిగామ